క్యూజెడ్ ట్రే రివ్యూ: వెబ్ పేజీ నుంచి బిల్లు ప్రింటర్ దాకా, తెలుగు బిల్లుతో సహా

రాజమండ్రిలో మా మావయ్యకి మిఠాయి కొట్టు ఉంది. బిల్లింగ్ కి నేనే ఒక వెబ్ పేజీ రాసిచ్చా, క్రోమ్ లో ఓపెన్ అవుతుంది, కౌంటర్లో అబ్బాయి ఐటెమ్ నొక్కి తూకం కొడితే పక్కనున్న 80 ఎమ్ఎమ్ థర్మల్ ప్రింటర్లోంచి బిల్లు రావాలి, కాయితం తెగాలి, గల్లా పెట్టె తెరుచుకోవాలి. పేజీ రాయడానికి నాకు పట్టింది రెండు వారాలు. ఈ చివరి ముక్క, అంటే పేజీలో ఉన్న స్క్రిప్ట్ వెళ్ళి కంప్యూటర్ కి తగిలించిన ప్రింటర్ తో మాట్లాడ్డం, సరిగ్గా కుదరడానికి పట్టింది దాదాపు మూడు నెలలు. దీనికి వాడింది క్యూజెడ్ ట్రే అనే సాఫ్ట్‌వేర్. రెండేళ్ళ నుంచి రోజూ నడుస్తోంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా, ఎందుకంటే దీని గురించి తెలుగులో రాసినవాళ్ళు నాకైతే కనపళ్ళేదు, నేను పడ్డ తిప్పలు ఇంకొకళ్ళు పడకూడదు.

అసలు ఇది ఎందుకు కావాలో ముందు చెప్తా. బ్రౌజర్ లో నడిచే పేజీ మన ప్రింటర్ని నేరుగా ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వకూడదు కూడా, లేకపోతే ఏ సైట్ పడితే ఆ సైట్ మన ఇంట్లో ప్రింటర్లు తిప్పేస్తుంది. పేజీకి చేతనైనదల్లా ప్రింట్ డైలాగ్ తెరవడం. ఒక్క బిల్లుకి అది పర్లేదు, కానీ దసరా ముందు రోజు సాయంత్రం కొట్టు ముందు జనం నిలబడి ఉంటే ప్రతి బిల్లుకీ డైలాగ్ రావడం, మళ్ళీ ఎంటర్ కొట్టడం, ఒక్కోసారి ప్రింటర్ బదులు పీడీఎఫ్ సెలెక్ట్ అయిపోయి ఉండటం, ఇది నడిచే పని కాదు. క్యూజెడ్ ట్రే ఏం చేస్తుందంటే కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రామ్ లాగా కింద గడియారం పక్కన కూర్చుంటుంది, మన పేజీ దానితో వెబ్‌సాకెట్ ద్వారా (పేజీకీ ఆ ప్రోగ్రామ్ కీ మధ్య తెరిచి ఉంచే లైను) మాట్లాడుతుంది, అది మన మాట తీసుకెళ్ళి ప్రింటర్ కి చెప్తుంది. మధ్యలో దుబాసీ అన్నమాట. ఓపెన్ సోర్స్, ఫ్రీ, విండోస్, మాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది.

దీనికి పాత కథ ఒకటుంది, తెలిస్తే ఇది ఇలా ఎందుకు కట్టారో అర్థమవుతుంది. మొదట్లో ఇది జెజీబ్రా అనే పేరుతో జావా ఆప్లెట్ గా ఉండేది, అంటే బ్రౌజర్ లోపలే నడిచేది. 2015లో క్రోమ్ పాత ప్లగిన్ పద్ధతిని పూర్తిగా తీసేసింది, 2017లో ఫైర్‌ఫాక్స్ కూడా తీసేసింది, దాంతో ఆప్లెట్ల మీద బతికిన సాఫ్ట్‌వేర్లన్నీ బయటికి రావాల్సొచ్చింది. మన దగ్గర డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి రిటర్నులు వేసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు, ఇప్పుడు వాళ్ళు వాడే సైనర్ యుటిలిటీలు కూడా ఇదే పద్ధతి, బయట ఒక ప్రోగ్రామ్ కూర్చుని లోకల్ పోర్టు (అదే కంప్యూటర్లో నంబరున్న తలుపు లాంటిది) మీద వింటూ ఉంటుంది. కాబట్టి కింద రాసిన చాలా విషయాలు ప్రింటర్ లేనివాళ్ళకీ పనికొస్తాయి.

ఇన్‌స్టాల్ చాలా తేలిక. ఇప్పటి వెర్షన్లలో జావా లోపలే వస్తుంది, విడిగా వేసుకోనక్కర్లేదు. స్క్రిప్ట్ వైపు కూడా ముచ్చటగా ఉంటుంది, కనెక్ట్ అవ్వు, ప్రింటర్ వెతుకు, ప్రింట్ చెయ్యి, అంతే, నాలుగైదు లైన్లు. మా ఇంట్లో నా లాప్‌టాప్ మీద పది నిమిషాల్లో బిల్లు వచ్చింది. అదే కోడ్ కొట్టుకి తీసుకెళ్ళి పెడితే రాలేదు.

ఇక్కడ నాకు రెండు రోజులు పోయాయి, కారణం తెలిశాక చాలా సింపుల్. క్యూజెడ్ ట్రే రెండు రకాల పోర్టుల మీద వింటుంది. సెక్యూర్ వి 8181, 8282, 8383, 8484, మామూలువి 8182, 8283, 8384, 8485. పేజీ హెచ్‌టీటీపీఎస్ లో ఉంటే స్క్రిప్ట్ సెక్యూర్ పోర్టులకి వెళ్తుంది, మామూలు హెచ్‌టీటీపీలో ఉంటే మామూలు పోర్టులకి వెళ్తుంది. నేను ఇంట్లో టెస్ట్ చేసింది మామూలు హెచ్‌టీటీపీ మీద, అక్కడ సర్టిఫికెట్ (అవతల ఉన్నది ఎవరో బ్రౌజర్ కి రుజువు చేసే ఫైలు) గొడవే లేదు. కొట్లో సైట్ హెచ్‌టీటీపీఎస్, అక్కడ సర్టిఫికెట్ సరిగ్గా లేకపోతే బ్రౌజర్ చప్పుడు చెయ్యకుండా కనెక్షన్ కోసేస్తుంది, పేజీలో మాత్రం కనెక్ట్ అవ్వలేదు అన్న ఒక్క ముక్కే కనిపిస్తుంది, ఎందుకో చెప్పదు. అందుకే ఎవరైనా చేస్తుంటే మొదటి రోజు నుంచే హెచ్‌టీటీపీఎస్ మీద టెస్ట్ చెయ్యండి.

అప్పుడు నాకు దొరికిన మంచి కిటుకు ఏంటంటే, స్క్రిప్ట్ ని పక్కన పెట్టేసి బ్రౌజర్ అడ్రస్ బార్ లోనే హెచ్‌టీటీపీఎస్ తో లోకల్‌హోస్ట్ 8181 (లోకల్‌హోస్ట్ అంటే మన కంప్యూటరే) కొట్టి చూడటం. క్యూజెడ్ ట్రే తన వివరాలున్న చిన్న పేజీ చూపిస్తే దారి బాగానే ఉంది, తప్పు మన కోడ్ లో ఉంది. అసలు పేజీ రాకపోతే ప్రోగ్రామ్ నడవట్లేదు, లేదా ఆ పోర్టు ఇంకెవరో పట్టుకున్నారు, అప్పుడు 8282 కొట్టి చూడండి. సర్టిఫికెట్ వార్నింగ్ వస్తే గొడవ అక్కడే. మాకు వార్నింగే వచ్చింది. అడ్రస్ పక్కన నొక్కి సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరా అని చూస్తే క్యూజెడ్ పేరు ఉండాల్సిన చోట కొట్టు కంప్యూటర్లో ఉన్న యాంటీవైరస్ పేరు ఉంది! అది వెబ్ ట్రాఫిక్ అంతా స్కాన్ చెయ్యడానికి మధ్యలో దూరి తన సర్టిఫికెట్ పెడుతోంది. దాని సెట్టింగుల్లో లోకల్‌హోస్ట్ కి మినహాయింపు ఇస్తే ఆ క్షణమే కనెక్ట్ అయింది. ఆ యాంటీవైరస్ పేరు చెప్పను, స్కానింగ్ చెయ్యడం దాని పని అది చేసింది. కానీ ఈ చెక్ నాకు ముందే తెలిసుంటే మావయ్య రెండు రోజులు చేత్తో బిల్లులు రాయాల్సొచ్చేది కాదు. ఇంకో సంగతి, ఫైర్‌ఫాక్స్ సర్టిఫికెట్లు దాని సొంత పెట్టెలో పెట్టుకుంటుంది, అందుకని క్యూజెడ్ ట్రే వేశాక ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే క్రోమ్ లో నడిచి అందులో నడవకపోవచ్చు, క్యూజెడ్ ట్రే మళ్ళీ ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

తర్వాత పర్మిషన్ బాక్స్. పేజీ ప్రింట్ అడిగిన ప్రతిసారీ అలౌ, బ్లాక్ అని ఒక పెట్టె వస్తుంది. చాలామంది దీన్ని తిట్టుకుంటారు, నేను మాత్రం మెచ్చుకుంటా, ఎందుకంటే ఆ పెట్టె లేకపోతే వేరే ఏ వెబ్‌సైట్ అయినా 8181 తలుపు కొట్టి మా ప్రింటర్లో ఏదైనా కొట్టించొచ్చు, గల్లా పెట్టె కూడా తెరిపించొచ్చు. పెట్టె రాకుండా ఉండాలంటే మన సైట్ ప్రతి రిక్వెస్టునీ సంతకం చేసి పంపాలి, అప్పుడే అలౌ ని గుర్తుపెట్టుకునే వీలు ఇస్తుంది. సంతకం లేని సైట్ ని అలౌ అని గుర్తుపెట్టుకోనివ్వదు, బ్లాక్ అని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఒక ఆదివారం కౌంటర్లో అబ్బాయి హడావిడిలో ఆ టిక్కు పెట్టి బ్లాక్ నొక్కేశాడు, అంతే, ఆ తర్వాత పెట్టే రాలేదు, బిల్లూ రాలేదు. ట్రే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి సైట్ మేనేజర్ లోకి వెళ్తే బ్లాక్ లిస్టులో కనపడింది, తీసేస్తే సరిపోయింది. మీకు కనెక్ట్ అవుతోంది కానీ ప్రింట్ రావట్లేదంటే మొదట చూడాల్సింది ఆ లిస్టే.

ఒకట్రెండు కంప్యూటర్లకి అయితే ఆ సైట్ మేనేజర్ లోనే ఈ సంతకానికి కావాల్సిన సర్టిఫికెట్, ప్రైవేట్ కీ (సంతకం చేసే రహస్య తాళం) సొంతంగా తయారు చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, కాకపోతే ఆ సర్టిఫికెట్ ని ప్రతి కంప్యూటర్ కీ విడిగా నేర్పాలి. వంద కొట్లకి అమ్మే సాఫ్ట్‌వేర్ అయితే క్యూజెడ్ వాళ్ళ దగ్గర డబ్బులు కట్టి తీసుకునే సర్టిఫికెట్ మంచిది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తా, ప్రైవేట్ కీని పేజీ జావాస్క్రిప్ట్ లో పెట్టకండి. పెడితే పేజీ సోర్స్ చూసిన ప్రతివాడి దగ్గరా మీ సంతకం ఉన్నట్టే. సర్వర్లో ఉంచండి, పేజీ అడిగితే సర్వర్ సంతకం చేసి పంపాలి, అది కూడా లాగిన్ అయినవాళ్ళకే.

ఇప్పుడు ప్రింటర్ పేరు సంగతి. స్క్రిప్ట్ ప్రింటర్ని వెతికేది విండోస్ లో ఉన్న పేరుతో. మా కొట్లో ఊడ్చేటప్పుడు యూఎస్‌బీ వైరు ఊడింది, అబ్బాయి మళ్ళీ పెట్టాడు కానీ పక్క పోర్టులో పెట్టాడు. విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని అదే పేరు పక్కన కాపీ 1 అని తగిలించింది. స్క్రిప్ట్ పాత పేరుకే పంపుతోంది, పాతది ఆఫ్‌లైన్. చూడ్డానికి అన్నీ బాగున్నాయి, కనెక్షన్ ఉంది, పర్మిషన్ ఉంది, ఎర్రర్ లేదు, పేజీలో "ప్రింట్ అయింది" అని ఆకుపచ్చ అక్షరాల్లో వస్తోంది, కాయితం మాత్రం లేదు. మావయ్య ఫోన్ చేసి "అమ్మలూ, ఇది ప్రింటయిందంటుంది, ఎక్కడయిందే?" అన్నారు.

ఆ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. క్యూజెడ్ ట్రే ప్రింట్ పూర్తయింది అని చెప్పేది, ప్రింట్ జాబ్ ని (అంటే ప్రింట్ చెయ్యాల్సిన పనిని) విండోస్ ప్రింట్ క్యూకి అప్పజెప్పగానే. కాయితం బయటికి వచ్చిందో లేదో దానికి ఆ క్షణంలో తెలీదు. నేను ఆ జవాబు పట్టుకుని పేజీలో "ప్రింట్ అయింది" అని రాశా, అది నా తప్పు. ఆ సాయంత్రం బిల్లు రాలేదని అబ్బాయి ఒక్కో బిల్లుకి మూడేసి సార్లు నొక్కాడు, వైరు పాత పోర్టులో పెట్టగానే క్యూలో ఉన్నవన్నీ వరసగా దిగాయి, నలభైకి పైగా స్లిప్పులు. ఏది ఇచ్చారో ఏది ఇవ్వలేదో తేల్చడానికి మావయ్య రాత్రి పదకొండు దాకా కూర్చున్నారు. అది విన్నాక నాకు నిజంగా బాధేసింది. ఇప్పుడు పేజీలో "ప్రింటర్ కి పంపాం" అని మాత్రమే రాశా, ప్రింటర్ స్టేటస్ వినే సౌకర్యం క్యూజెడ్ ట్రేలో ఉంది, దాన్ని తగిలించి ఆఫ్‌లైన్ అయితే పేజీ పైన ఎర్ర పట్టీ వచ్చేలా పెట్టా, అదే బిల్లు రెండోసారి నొక్కితే "డూప్లికేట్" అని స్లిప్పు మీద పడుతుంది. పేరు గొడవకి, కోడ్ లో పేరు గట్టిగా రాసెయ్యకుండా పేజీలోనే ప్రింటర్ల లిస్టు చూపించి ఎంచుకునేలా చేశా.

ఇక తెలుగు. మావయ్య పెట్టిన షరతు ఒక్కటే, బిల్లు తెలుగులో ఉండాలి. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ, బిల్లు చదువుకుని సరుకు సరిచూసుకుంటారు. మొదట ఐటెమ్ పేర్లు మామూలు టెక్స్ట్ లాగే పంపా. అన్నీ ప్రశ్నార్థకాలు వచ్చాయి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 (అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసే పద్ధతి) కి మార్చా, అప్పుడు గ్రీకు ఆల్ఫా అక్షరం, పక్కన చుక్కల డబ్బా, ఇంకో పిచ్చి గుర్తు, మళ్ళీ ఆల్ఫా, మళ్ళీ డబ్బా, పూతరేకులు అన్న మాటకి లైనంతా అదే. ఈ రెండు రకాల చెత్తకీ తేడా ఉంది, గుర్తుపెట్టుకోండి. ప్రశ్నార్థకాలు వస్తే అక్షరం ప్రింటర్ దాకా చేరనే లేదు, సాఫ్ట్‌వేర్ దగ్గరే పోయింది. ఆల్ఫా డబ్బాలు వస్తే అక్షరం క్షేమంగా చేరింది, ప్రింటర్ కే చదవడం రాదు. యూటీఎఫ్ 8లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింట్లో ఒకటి, పాత కోడ్ పేజీలో (ప్రింటర్ లోపల ఉండే అక్షరాల పట్టికలో) ఆ బైట్ల బొమ్మలే ఆ ఆల్ఫా, ఆ డబ్బా. మా బిల్లు ప్రింటర్ కోడ్ పేజీల్లో మన లిపి లేదు, ఎన్ని సెట్టింగులు మార్చినా రాదు, అక్కడ టైమ్ వేస్ట్ చెయ్యకండి.

దారి ఒకటే, బిల్లుని బొమ్మగా గీసి పంపడం. పేజీలో కాన్వాస్ (స్క్రిప్ట్ తో బొమ్మ గీసే చోటు) మీద తెలుగు ఫాంట్ తో బిల్లు గీసి, ఆ బొమ్మని క్యూజెడ్ ట్రేకి ఇస్తే ప్రింటర్ భాషలోకి మార్చి పంపుతుంది. కాయితం కోసే కమాండ్, గల్లా తెరిచే కమాండ్ మాత్రం విడిగా ముడి బైట్లుగా అదే జాబ్ లో చివర తగిలించొచ్చు, బొమ్మా బైట్లూ కలిపి ఒకే జాబ్ లో పంపనివ్వడం నాకు దీన్లో అన్నిటికంటే నచ్చింది. వెడల్పు లెక్క చూస్కోండి, 80 ఎమ్ఎమ్ కాయితం అయినా మామూలుగా ప్రింట్ పడేది 72 ఎమ్ఎమ్ లో, 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) ప్రింటర్ అయితే 576 చుక్కలు. 58 ఎమ్ఎమ్ కాయితం అయితే 384. నేను తెలీక 600 పెట్టా, కుడి చివర తెగిపోయింది, కుడి చివర ఉండేది డబ్బులు. 1450 అని ఉండాల్సింది 145 లాగా కనపడింది. టెస్ట్ లో పట్టుకున్నా కాబట్టి సరిపోయింది.

అక్షరాల సంగతికొస్తే, థర్మల్ ప్రింటర్ కి నలుపు తెలుపు తప్ప బూడిద రంగు లేదు. తెర మీద అందంగా కనపడే సన్నటి ఫాంటులో తలకట్టు గీతలు అంచుల్లో బూడిద రంగులో ఉంటాయి, నలుపు తెలుపు చేసేటప్పుడు అవి తెల్లగా మారిపోయి తలకట్లన్నీ ఎగిరిపోయాయి, బిల్లంతా బోడి అక్షరాలు. లావు ఫాంట్ తీసుకుని సైజు 28 దాకా పెంచితే నిలబడ్డాయి. రెండోది వత్తులు. లైన్ ఎత్తు ఇంగ్లీషు లెక్కలో పెట్టేసరికి కింద వత్తు సగం తెగింది. మా కొట్లో బెల్లం పూతరేకులు వేరు, పంచదార పూతరేకులు వేరు, రేట్లు వేరు, బెల్లంలో ల వత్తు తెగిపోతే చదివేవాళ్ళు అదేంటని అడుగుతారు, అడిగారు కూడా. ఫాంట్ సైజుకి ఒకటింబావు సరిపోలేదు, ఒకటి పాయింట్ ఏడు దగ్గర సున్నుండలు, కొబ్బరి లౌజు, బెల్లం అన్నీ నిండుగా వచ్చాయి. బొమ్మలో అడ్డంగా తెల్ల చారలు పడినా, సాగినట్టు ఉన్నా డాట్ డెన్సిటీ అనే ఆప్షన్ మార్చి చూడండి, మాకు డబుల్ పెడితే సరిపోయింది.

ఇంకో వింత, రోజూ పొద్దున్న మొదటి బిల్లు మాత్రమే సన్నటి అక్షరాలతో వచ్చేది, రెండో బిల్లు నుంచి బ్రహ్మాండంగా ఉండేది. వారం రోజులు ప్రింటర్ వేడెక్కక అలా వస్తోందేమో అనుకున్నాం, అబ్బాయి పొద్దున్నే ఒక ఉత్తుత్తి బిల్లు కొట్టి పారేసేవాడు. అసలు సంగతి ఏంటంటే వెబ్ ఫాంట్ డౌన్‌లోడ్ అయ్యేలోపే కాన్వాస్ గీసేస్తోంది, అప్పుడు విండోస్ లో ఉన్న సన్న తెలుగు ఫాంట్ వచ్చి పడుతోంది. ఫాంట్ లోడ్ అయ్యేదాకా ఆగి గియ్యమని ఒక్క లైన్ రాస్తే పోయింది. కాబట్టి తప్పు ప్రింటర్ దగ్గర కనపడ్డంత మాత్రాన అక్కడే ఉందనుకోకండి.

నచ్చనివి కూడా ఉన్నాయి. మెసేజులన్నీ ఇంగ్లీషులోనే, కౌంటర్లో కూర్చునేవాళ్ళకి అర్థం కావు, నేను ముఖ్యమైనవి తెలుగులో రాసి కంప్యూటర్ పక్కన అట్టముక్క మీద అంటించాల్సొచ్చింది. జావా మీద నడుస్తుంది కాబట్టి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లో కాస్త బరువే, పొద్దున్న ఆన్ చేశాక ట్రే లేచేదాకా ఆగాలి, అందుకే నా స్క్రిప్ట్ లో వెంటనే ఫెయిల్ అనకుండా కొన్ని సెకన్లకోసారి మళ్ళీ ప్రయత్నించేలా పెట్టా. డాక్యుమెంటేషన్ మంచిదే కానీ ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళకే. లాగ్స్ మాత్రం చాలా బాగుంటాయి, ఐకాన్ మెనూలోంచి తెరిచి పెట్టుకుని బిల్లు నొక్కితే ఏ రిక్వెస్ట్ వచ్చింది, ఏ ప్రింటర్ కి వెళ్ళింది, ఎక్కడ ఆగింది లైను లైనుగా కనపడుతుంది. అక్కడ ఏమీ కదలకపోతే గొడవ బ్రౌజర్ వైపు, కదిలి కాయితం రాకపోతే విండోస్ వైపో ప్రింటర్ వైపో. నేను హైదరాబాద్ లో కూర్చుని రిమోట్ లో ఇన్ని పట్టుకోగలిగానంటే ఆ లాగ్స్ వల్లే.

అందరికీ ఇది అవసరమా అంటే, లేదు. ఒకటే కంప్యూటర్, ఒకటే ప్రింటర్, బిల్లు వస్తే చాలు అనుకుంటే క్రోమ్ షార్ట్‌కట్ లో కియోస్క్ ప్రింటింగ్ అనే ఆప్షన్ పెట్టండి, డైలాగ్ రాకుండా డిఫాల్ట్ ప్రింటర్ కి పోతుంది, తెలుగు కూడా డ్రైవర్ ద్వారా బొమ్మగానే వెళ్తుంది కాబట్టి బాగానే వస్తుంది. వెబ్‌యూఎస్‌బీ అనే ఇంకో దారి ఉంది, విండోస్ లో దానికి ప్రింటర్ డ్రైవర్ని మార్చాలి, మారిస్తే మిగతా ప్రోగ్రాములకి అది ప్రింటర్ లాగా కనపడదు, కొట్లో నేను ఒప్పుకోను. మాకు కౌంటర్ బిల్లు ఒక ప్రింటర్లో, ప్యాకింగ్ టోకెన్ లోపల ఇంకో ప్రింటర్లో పడాలి, గల్లా తెరుచుకోవాలి, అలాంటి చోట క్యూజెడ్ ట్రే పెట్టుకోండి. నేను అయిదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర తగ్గించింది భాష కోసం.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ బిల్లు వెలుతురులో పెట్టుకుని వేలుతో ఒక్కో లైను చూస్కుంటూ "బెల్లంవి అరకేజీ, పంచదారవి పావు, సరిగ్గానే ఉంది బాబూ" అని సంచీలో పెట్టుకుంది. మావయ్య నా వైపు చూసి లోపల ప్యాకింగ్ దగ్గర కూడా లావు అక్షరాలే పెట్టమన్నారు, అక్కడ వెలుతురు తక్కువట. ఈ వారం ఆ పని మీదే ఉన్నా, సైజు 32 పెట్టి చూస్తున్నా.